భయపడే రౌతును గుర్రం నమ్ముతుందా?

తొలిరికాబు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నడివయసులో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ గుర్రాలంటే ప్రాణం, జీను ఎక్కే అవకాశం మాత్రం ఇప్పుడే వచ్చింది. శిక్షణలో నాకు ఇచ్చే గుర్రం పేరు మబ్బు. బూడిద రంగు ఆడ గుర్రం. వయసు మళ్లింది, ఎందరో కొత్తవాళ్లను మోసిన అనుభవం దానికి ఉంది.

నేను నేల మీద ఉన్నంతసేపూ మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒళ్లు తోముతాను, డెక్కలు శుభ్రం చేస్తాను, అది కళ్లు సగం మూసుకుని నిలబడుతుంది. రికాబులో కాలు పెట్టి పైకి లేచాక అంతా మారిపోతుంది. నా తొడలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, నేల చాలా దూరంగా కనిపిస్తుంది. మబ్బు నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. తల తిప్పి నా బూటు వైపు చూస్తుంది. మరొకరు ఎక్కితే అదే గుర్రం చక్కగా నడుస్తుంది.

"నీ భయం గుర్రానికి తెలిసిపోతుంది" అని లాయంలో అందరూ అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. పడిపోతానేమోనన్నది ఒకటి. నా భయంతో ఆ మూగజీవిని కష్టపెడుతున్నానేమోనన్నది రెండోది. నిజానికి రెండోదే ఎక్కువగా బాధిస్తోంది.

భయం పూర్తిగా పోయాకే ఎక్కాలా? రోజూ వేర్వేరు మనుషులను మోసే గుర్రానికి నాతో ప్రత్యేకమైన అనుబంధం ఏర్పడటం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

డెక్కలచప్పుడు (శిక్షకుడు)

తొలిరికాబు గారూ, మీ రెండో భయం గురించి ముందు మాట్లాడతాను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మబ్బు మీ భయానికి బెదరడం లేదు. బెదిరిన గుర్రం ఆగి బూటు వైపు చూడదు. తల పైకెత్తుతుంది, మెడ బిగిస్తుంది, అడుగులు చిన్నవై తొందర పడతాయి. మీ గుర్రం ఆగుతోందంటే దానికి మీరు చెప్పేది అర్థం కావడం లేదని నా అభిప్రాయం.

జీను మీద భయపడిన మనిషి శరీరం ఏం చేస్తుందో గమనించండి. ముందుకు వంగుతుంది. మోకాళ్లు జీనును నొక్కుతాయి. మడమలు పైకి లేస్తాయి. చేతులు పగ్గాలను దగ్గరికి లాక్కుంటాయి. ఇవన్నీ పడిపోకుండా ఉండటానికి శరీరం తనంతట తాను చేసే పనులు. గుర్రం నేర్చుకున్న భాషలో వాటికి వేరే అర్థాలున్నాయి. కాళ్లతో నొక్కితే "ముందుకు నడు" అని. పగ్గం లాగితే "ఆగు" అని. మీరు పైనుంచి ఒకే సమయంలో రెండూ చెబుతున్నారు. కొన్ని గుర్రాలు అలాంటప్పుడు కాళ్ల మాట విని పరుగు తీస్తాయి, కొన్ని నోటికి తగిలే పగ్గం మాట విని ఆగిపోతాయి. కొత్తవాళ్లను మోయడానికి ఎంచుకునేవి సాధారణంగా రెండో రకం గుర్రాలే. అది మీ అదృష్టం.

కాబట్టి భయం పోయేదాకా ఆగనక్కర్లేదు. భయం ఉండగానే కాళ్లు, చేతులు ఒకదానికొకటి ఎదురు చెప్పకుండా ఉండటం నేర్చుకోవచ్చు. అందుకు తేలికైన మార్గం, కొన్నాళ్లు పగ్గాలు మీ చేతిలో లేకుండా నేర్చుకోవడం. శిక్షకుడు పొడవాటి తాడు పట్టుకుని మధ్యలో నిలబడి గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతాడు. ఆపడం, నడిపించడం అతని పని. మీ పని కూర్చోవడం ఒక్కటే. మెడపట్టీ ఉంటే దాన్ని పట్టుకోండి, లేకపోతే జూలు పట్టుకోండి. చేతులకు పట్టు దొరికితే కాళ్లు వాటంతట అవే కాస్త వదులవుతాయి.

పచ్చికబయలు

ఒక చిన్న సలహా. ఎక్కగానే గట్టిగా, అందరికీ వినపడేలా ఊపిరి వదలండి. లోపలికి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలాలి. భయంలో మనం పీల్చుకుంటూనే ఉంటాం, వదలం. ఊపిరి బిగపడితే నడుము బిగుస్తుంది, నడుము బిగిస్తే గుర్రం వీపు కదలడానికి చోటు ఉండదు. అది వీలు కాకపోతే ఏదో ఒక పాట మెల్లగా పాడండి. ఊపిరి బిగబట్టి పాడటం ఎవరి వల్లా కాదు.

ప్రశ్నార్థకం

డెక్కలచప్పుడు గారు చెప్పిన భాష తికమకను ఒప్పుకుంటాను. అయితే "భయం తెలిసిపోతుంది" అన్న మాటను పూర్తిగా పక్కన పెట్టలేం. స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. మనుషులు గుర్రాలను నడిపించారు, కొందరు ఎక్కి స్వారీ చేశారు. ఒకే దారిలో నాలుగుసార్లు వెళ్లాలి. నాలుగోసారి వెళ్లేముందు, దారి పక్కన ఉన్న మనిషి గొడుగు తెరుస్తాడని వాళ్లకు చెప్పారు. గొడుగు మాత్రం తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్లతో ఉన్న గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. గొడుగు సంగతి గుర్రానికి ఎవరూ చెప్పలేదు కదా.

ఇది తొలిరికాబు గారిని భయపెట్టడానికి రాయడం లేదు. నిజం తెలిస్తే దాన్ని ఎదుర్కోవడం తేలిక అని నా నమ్మకం.

పశువైద్యురాలు

ప్రశ్నార్థకం గారు చెప్పిన ప్రయోగంలో మరో ముక్క ఉంది. గొడుగు మాట విన్నాక, పైన కూర్చున్నవాళ్లు పగ్గాలను పొట్టిగా పట్టుకున్నట్టు అందులోనే నమోదైంది. అంటే గుర్రానికి అందిన సమాచారంలో కనీసం కొంత చేతుల గుండా వెళ్లి ఉండవచ్చు.

దీని పక్కన ఇంకో పరిశోధనను కూడా పెట్టి చూడాలి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రచురించారు. అందులో గుర్రానికి తాడు లేదు, జీను లేదు. గుండ్రటి ఆవరణలో స్వేచ్ఛగా వదిలి, మధ్యలో ఒక మనిషిని నిలబెట్టారు. కొందరు గుర్రాలంటే నిశ్చింతగా ఉండేవాళ్లు, కొందరు గుర్రాలంటే భయపడేవాళ్లు. భయపడే మనిషి దగ్గర ఉన్నప్పుడు గుర్రాల గుండె వేగం పెరగలేదు, తగ్గింది. అది చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. భయపడే మనిషి ఆ గుర్రాలకు ప్రమాదంగా తోచలేదు. మనిషి చేతిలో తాడో పగ్గమో ఉన్నప్పుడు పరిస్థితి వేరు, లేనప్పుడు వేరు. తొలిరికాబు గారు నేల మీద ఉన్నప్పుడు మబ్బు కళ్లు సగం మూసుకుని నిలబడటానికీ దీనికీ సంబంధం ఉందని అనుకుంటున్నాను.

గుర్రం మన శరీరాన్ని ఎంత సూక్ష్మంగా చదువుతుందో తెలియాలంటే హాన్స్ కథ చాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో లెక్కలు చేసే గుర్రంగా పేరు పొందింది. కూడికలు అడిగితే డెక్కతో నేల మీద కొట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓపిగ్గా పరీక్షించి 1907లో రహస్యం బయటపెట్టాడు. ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల వెంట్రుకవాసి పైకి లేచేది, అది చూసి హాన్స్ ఆపేసేది. తల కదులుతోందని ఆ మనిషికే తెలియదు. రహస్యం కనిపెట్టిన తర్వాత కూడా ఫంగ్‌స్ట్ తన తల కదలికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు. ఇలాంటి చూపు ఉన్న జీవి ముందు భయాన్ని దాచాలని ప్రయత్నించడం వృథా శ్రమ. ఆ శక్తిని కాళ్లు వదులు చేయడానికి వాడండి.

ఇక వైద్యురాలిగా ఒక హెచ్చరిక. ఆగిపోవడం, పొట్ట వైపో బూటు వైపో తిరిగి చూడటం ఒక్కోసారి నొప్పికి గుర్తు. "నా భయమే కారణం" అని అన్నీ మీ మీద వేసుకోకండి. 2018లో స్యూ డైసన్ అనే పశువైద్యురాలు, ఆమె బృందం స్వారీ చేసే గుర్రాల్లో 24 ప్రవర్తనల పట్టిక ఒకటి ప్రచురించారు. చెవులు చాలాసేపు వెనక్కి వాల్చి ఉంచడం, నోరు తెరవడం, తోక పదే పదే కొట్టడం, అడుగు తడబడటం వంటివి అందులో ఉన్నాయి. వాటిలో ఎనిమిదో, అంతకంటే ఎక్కువో కనిపిస్తే ఎముకలు, కండరాల నొప్పి ఉండవచ్చని అనుమానించాలి. మరొకరు ఎక్కితే చక్కగా నడుస్తోందన్నారు కాబట్టి మీ విషయంలో అది కాకపోవచ్చు. అయినా జీను కింద వీపును అరచేత్తో నొక్కి చూడమని, జీనును బిగించే పొట్టపట్టీ ఒరిసిన చోట పుండు లేదని చూడమని శిక్షకుడిని అడగండి. అడగడం మీ హక్కు.

తొలిరికాబు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గ్వెల్ఫ్ పరిశోధన గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను భయపడితే గుర్రానికి హాని అన్నట్టుగా ఎవరూ ఇకపై నాతో మాట్లాడకుండా చూసుకుంటాను.

వీపు, పొట్టపట్టీ గురించి అడిగాను. శిక్షకురాలు నా ఎదుటే చూసి, పుండ్లు లేవని చూపించారు. తాడుతో తిప్పే పాఠాలకు ఒప్పుకున్నారు. అయితే నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. పదిమందిని మోసే గుర్రంతో అనుబంధం మాటేమిటి?

లాయం_నేస్తం

నా పని లాయంలోనే. పొద్దున మేత వేయడం దగ్గర నుంచి రాత్రి చివరిసారి నీళ్లు చూసేదాకా గుర్రాల మధ్యనే ఉంటాను. స్వారీ తక్కువ, సాంగత్యం ఎక్కువ. కనుక ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పవచ్చనుకుంటున్నాను.

గుర్రం మనుషులను విడివిడిగా గుర్తు పెట్టుకుంటుంది. ఇందులో సందేహం లేదు. గొంతు, నడక, వాసన, ముఖం అన్నీ కలిపి గుర్తు పడుతుంది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపిస్తే, కోపంగా ఉన్న ముఖాన్ని ఎడమ కంటితో ఎక్కువగా చూశాయి, గుండె వేగం త్వరగా పెరిగింది. కాగితం మీది బొమ్మకే అంత స్పందన ఉంటే, వారం వారం వచ్చి ఒళ్లు తోమే మనిషి దానికి లెక్కలో లేకుండా ఎలా ఉంటుంది? పదిమందిని మోసే గుర్రానికి పదిమందీ పదిరకాలుగా తెలుసు. ఎవరు ఎక్కేటప్పుడు వీపు మీద దబ్బున కూలబడతారో, ఎవరు నోటిని లాగుతారో, ఎవరు పొట్టపట్టీని ఒక్కసారిగా బిగిస్తారో అన్నీ గుర్తే. కొందరిని చూడగానే లాయం వెనక్కి వెళ్లిపోయే గుర్రాలను నేను ఎరుగుదును. కొందరి అడుగు వినగానే తలుపు మీదుగా తల బయట పెట్టేవాటినీ ఎరుగుదును.

మీరు చేయగలిగినవి చెబుతాను.

దగ్గరికి వెళ్లేటప్పుడు భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లండి. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. సరిగ్గా నుదుటి ముందు కొద్ది చోటు, తోక వెనక కొద్ది చోటు కనిపించవు. ముఖం మీదికి నేరుగా చెయ్యి చాచితే ఆ చెయ్యి దానికి కనిపించకుండా వచ్చి తగులుతుంది. చెయ్యి కిందుగా పెట్టి, వాసన చూసే అవకాశం దానికే ఇవ్వండి. వాసన చూసి తల తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి. "వద్దు" అనే అవకాశం ఉన్న గుర్రం తర్వాత తనే వస్తుంది.

తోమేటప్పుడు మూపు దగ్గర, జూలు ముగిసే చోట, వేళ్లతో గట్టిగా గోకండి. గుర్రాలు ఒకదానికొకటి పళ్లతో గీరుకునేది అక్కడే. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధన 1993లో వచ్చింది. చాలామంది గుర్రం మెడ మీద చప్పుడయ్యేలా చరిచి మెచ్చుకుంటారు. నాకు అది నచ్చదు. గుర్రాలు ఒకదాన్నొకటి అలా చరుచుకోగా నేనెప్పుడూ చూడలేదు. గోకితే పై పెదవి సాగి వణుకుతుంది, మెడ వంకర తిరుగుతుంది, కళ్లు మెత్తబడతాయి. అప్పుడు మీకే తెలుస్తుంది దానికి ఏది ఇష్టమో.

అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతిసారీ ఒకే క్రమం పాటించండి. అదే పలకరింపు, అదే వైపు నుంచి మొదలుపెట్టి తోమడం, పొట్టపట్టీని అదే విధంగా రెండు మూడు విడతల్లో బిగించడం, ఎక్కే మెట్టు దగ్గర అదే విరామం. తర్వాత ఏం జరగబోతుందో తెలిసిన గుర్రం నిశ్చింతగా ఉంటుంది. మీకూ అదే మేలు చేస్తుంది. భయపడే మనిషికి, వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జీవికి కావలసింది ఒకటే: ఊహించని సంగతి జరగకపోవడం. మీ ఇద్దరూ ఈ విషయంలో ఒకే జట్టు.

పచ్చికబయలు

మూపు దగ్గర గోకడం జీను మీద ఉండగా కూడా చేయవచ్చు. చెయ్యి అందుతుంది. కింద చేసిన స్నేహాన్ని పైకి తీసుకెళ్లే పద్ధతి అది. బెల్లమో క్యారెట్టో చేతిలో పెట్టి స్నేహం చేయడం గురించి ఎవరూ చెప్పలేదే?

లాయం_నేస్తం

తినుబండారం చెడ్డదని అనను. కొత్తవాళ్లకు మాత్రం వద్దంటాను. చేతిలోంచి తినడం అలవాటైన గుర్రం జేబులు వెతుకుతుంది, తర్వాత పళ్లతో అడుగుతుంది. భయస్తుడైన మనిషి అప్పుడు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటాడు, గుర్రం మరింత తొందర పడుతుంది. ఇవ్వాలనిపిస్తే పని అంతా అయ్యాక తొట్టిలో వేయండి.

డెక్కలచప్పుడు

ఈ విషయంలో నాది కాస్త వేరే అభిప్రాయం. సరైన క్షణంలో ఇచ్చిన తినుబండారం గుర్రానికి పాఠాన్ని త్వరగా నేర్పుతుంది, నేర్పిన మనిషిపై ఇష్టాన్నీ పెంచుతుంది. అయితే ఆ "సరైన క్షణం" పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం కాబట్టి, మొదట్లో లాయం_నేస్తం గారి మాటే పాటించండి.

ప్రశ్నార్థకం

లాయం_నేస్తం గారి జాబు నాకు నచ్చింది, కానీ దాన్ని "అనుబంధం" అనడం దగ్గర నేను ఆగుతున్నాను. ఆయన చెప్పినదంతా అలవాటు, ఊహించగలగడం, శారీరక సుఖం. గుర్రానికి మనం సురక్షితమైన చోటుగా తోచవచ్చు. "నన్ను ప్రేమిస్తోంది" అనుకుంటే దాని ప్రతి చర్యనూ మన మనసుకు కావలసినట్టు అర్థం చేసుకుంటాం. ఆగిపోతే అలిగింది అంటాం, మూతి భుజానికి రుద్దితే ముద్దు చేస్తోంది అంటాం. అది కళ్లెం కింద దురద కూడా కావచ్చు. అలాంటి అపార్థాల వల్ల నష్టపోయేది గుర్రమే.

పశువైద్యురాలు

మీ ఆందోళన సరైనదే. నొప్పిని మొండితనంగా, దురదను ప్రేమగా పొరబడటం నేను తరచూ చూస్తుంటాను. అయితే "అలవాటు, ఊహించగలగడం, సుఖం" తీసేస్తే ఏ అనుబంధంలోనైనా ఏం మిగులుతుంది? గుర్రాలు మందలో కూడా ఇష్టమైన తోడును ఎంచుకుంటాయి. ఆ తోడు దగ్గరే మేస్తాయి, ఒకదాని తోక దగ్గర మరొకటి తల పెట్టి ఈగలు తోలుకుంటాయి, ఒకటి పడుకుంటే మరొకటి నిలబడి కాపలా కాస్తుంది. ఆ స్నేహాలు కూడా దగ్గరగా ఉండటం, హాని చేయకపోవడం, ఒళ్లు గోకడం మీదే నిలబడతాయి. మనిషి అందులో కొంత భాగం పొందగలిగితే దానికి అనుబంధం అన్న పేరు పెద్దదేమీ కాదు.

నిర్వాహకులు

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు సంతోషం. ఒక విన్నపం: స్వారీ మెళకువలు చదివి ఎవరూ ఒంటరిగా ప్రయత్నించవద్దు. తలకు సరిపోయే హెల్మెట్, మడమ ఉన్న బూటు, పక్కన అనుభవజ్ఞులు తప్పనిసరి.

తొలిరికాబు

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను.

తాడు పాఠాలు మొదలయ్యాయి. పగ్గాలు లేకపోవడం వల్ల భయం పెరుగుతుందనుకున్నాను, తగ్గింది. చేతుల్లో ఏమీ లేకపోయేసరికి గుర్రాన్ని ఆపాల్సిన బాధ్యత కూడా నా మీద లేకుండా పోయింది. శిక్షకురాలు కళ్లు మూసుకోమని, వెనక కాళ్లలో ఏది ముందుకు వస్తోందో చెప్పమని అడిగారు. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నా తుంటి ఒక వైపు కిందికి, మరో వైపు పైకి మెల్లగా ఊగుతోందని గమనించాను. ఆ ఊపు మబ్బుది, నాది కాదు. నడకలో నాలుగు డెక్కల తాళం వినిపించడం మొదలయ్యాక, భయపడాలన్న సంగతి కాసేపు మనసులోకి రాలేదు.

మబ్బు ఇప్పుడు ఆగడం లేదు. అప్పుడప్పుడు ముక్కుతో పొడవుగా గాలి వదులుతుంది, పెదవులు నాకి నములుతుంది. ఇది మంచి గుర్తేనా?

మరో సంగతి. ఆవరణ మూలన నీలం రంగు పట్టా ఒకటి గాలికి లేచింది. మబ్బు ఒక్కసారిగా పక్కకు దూకింది. నేను మెడపట్టీ పట్టుకుని పడకుండా నిలబడ్డాను. దిగాక కాళ్లు వణికాయి. ఇలాంటిది మళ్లీ జరిగితే ఏం చేయాలి?

డెక్కలచప్పుడు

పడకుండా నిలబడ్డారు, పైగా పట్టుకున్నది నోటికి సంబంధం లేని పట్టీని. అది చిన్న విజయం కాదు.

బెదురు గురించి. గుర్రం ముందు దూకుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. దాని పూర్వీకుల్లో ఆగి ఆలోచించినవి వేట జంతువులకు చిక్కాయి. కనుక దూకినందుకు కోప్పడకండి. దూకిన తర్వాత వచ్చే రెండు మూడు క్షణాలు మాత్రం మీ చేతిలో ఉంటాయి. గుర్రం ఆగి, ఆ వస్తువును చూసి, ఒక చెవిని మీ వైపు తిప్పుతుంది. అది ప్రశ్న. అప్పుడు మీరు ఊపిరి వదిలి, వీపు నిటారుగా పెట్టి, పట్టా వైపు కాకుండా వెళ్లవలసిన దారి వైపు చూడండి. మనం దేన్ని చూస్తూ బిగుసుకుంటామో అది నిజంగానే ప్రమాదకరమైనదని గుర్రం అనుకుంటుంది. కళ్లు ఎటు తిరిగితే తల, భుజాలు, తుంటి అటే తిరుగుతాయి. ఆ బరువు మార్పు వీపు మీద తెలుస్తుంది.

పగ్గాలు చేతికి వచ్చాక గుర్రం వేగం అందుకుంటే రెండు పగ్గాలనూ కలిపి వెనక్కి లాగుతూ ఉండకండి. లాగే కొద్దీ అది ఆనుకుని పరిగెడుతుంది. ఒక పగ్గంతో క్రమంగా పెద్ద వలయంలోకి తిప్పి, వలయాన్ని చిన్నది చేస్తూ రావాలి. దీన్ని నడకలో, గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు సాధన చేయించమని అడగండి. అవసరం పడిన రోజున కొత్తగా నేర్చుకోలేం.

ఆ పట్టాను మాత్రం మరో రోజు, గుర్రాన్ని చేత్తో నడిపిస్తూ రెండు వైపుల నుంచీ చూపించండి. ఎడమ వైపు నుంచి చూసి ఊరుకున్న వస్తువు కుడి వైపు నుంచి వచ్చేసరికి దానికి కొత్తగా కనిపించవచ్చు.

పశువైద్యురాలు

గాలి వదలడం, తల దించడం, చెవులు పక్కలకు వదులుగా వాలడం సడలింపుకు గుర్తులు. నాకి నమలడం గురించి కాస్త జాగ్రత్త. చాలామంది దాన్ని "ఒప్పుకుంది" అని అంటారు. ఒత్తిడి నుంచి బయటపడే మలుపులో కూడా గుర్రం అలా చేస్తుంది. అంటే అంతకుముందు ఎంతో కొంత ఒత్తిడి ఉండి ఉండవచ్చు. ఒక్క గుర్తును పట్టుకోకుండా కళ్లు, మూతి, మెడ, తోక అన్నీ కలిపి చూడండి. మూతి బిగుసుకుని గడ్డం దగ్గర ముడతలు పడితే సడలింపు కాదు.

పచ్చికబయలు

నేను కూడా ఒకప్పుడు ఒక గుర్రం మీద నుంచి పడ్డాను. పెద్ద దెబ్బ తగలలేదు, కానీ చాలాకాలం జీను వాసన తగిలితేనే కడుపులో తిప్పేది. "వెంటనే మళ్లీ ఎక్కాలి" అని అందరూ ఒత్తిడి చేశారు. ఆ సలహా అందరికీ పనికిరాదు. వణుకుతూ ఎక్కితే శరీరం నేర్చుకునేది వణుకునే. నేను ఎక్కకుండా గుర్రం పక్కన నడుస్తూ గడిపాను. తాడు పట్టుకుని, అది ఆగితే నేనూ ఆగి, నేను తిరిగితే అదీ తిరిగేలా. ఒకనాడు తాడు వదులుగా వేలాడుతుండగానే నాతో పాటు మలుపు తిరిగింది. అప్పుడు ఎక్కాలనిపించి ఎక్కాను. తొలిరికాబు గారూ, కాళ్లు వణికిన రోజున కింద నడవడం కూడా పాఠమే.

ప్రశ్నార్థకం

తొలిరికాబు గారి తాజా జాబు చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మబ్బు ఆగకపోవడానికి ఆమె ధైర్యవంతురాలు కావడం కారణం కాదు, భయం ఇంకా ఉందని ఆమే రాశారు. సందేశం మాత్రం స్పష్టమైంది. మనుషుల చెమటలో భయం వాసనకూ సంతోషం వాసనకూ తేడాను గుర్రాలు పసిగట్టగలవని 2023లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. అంటే మబ్బుకు ఇప్పటికీ భయం వాసన తగులుతూనే ఉండి ఉంటుంది. అయినా నడుస్తోంది. ఈ ఒక్క ఉదాహరణతో సూత్రం చేయలేను గానీ, అనుబంధం అన్న పదాన్ని ఇక్కడ వాడటానికి నాకు ఇప్పుడు అభ్యంతరం లేదు.

అమ్మనడక

చర్చ మొదటి నుంచీ చదివాను. నా ప్రశ్న మా అమ్మాయి గురించి. తొమ్మిదేళ్లు. గుర్రాన్ని వదలకుండా హత్తుకుంటుంది, ఎక్కమంటే మాత్రం ఏడుస్తుంది. శిక్షకుడు ఎత్తి కూర్చోబెడితే అలవాటవుతుందని అంటున్నారు. అలా చేయవచ్చా?

డెక్కలచప్పుడు

వద్దు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తి కూర్చోబెడితే కాళ్లు ముడుచుకుంటుంది, ముందుకు వాలి మెడను పట్టుకుంటుంది. అది గుర్రానికీ ఇబ్బందే, బిడ్డకూ ప్రమాదమే. ఎక్కడానికి ఇంకెన్నో మెట్లున్నాయి. ఎక్కే మెట్టు మీద నిలబడి గుర్రం వీపు మీద చెయ్యి వేయడం ఒక మెట్టు. జీను మీద పొట్ట ఆనించి, కాళ్లు అటు వేయకుండా, మళ్లీ దిగిపోవడం ఇంకొకటి. ఎక్కడ ఆపాలో అమ్మాయే చెప్పాలి. దిగడం తన చేతిలో ఉందని తెలిసిన పిల్లలు ఎక్కడానికి త్వరగా ఒప్పుకుంటారు. కాబట్టి ముందు దిగడం నేర్పించమనండి. రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి, ముందుకు వాలి, కాలు వెనక నుంచి తిప్పి జారడం.

లాయం_నేస్తం

హత్తుకోవడం గురించి నాదొక మాట. మెడ చుట్టూ చేతులు బిగించడం కొన్ని గుర్రాలకు నచ్చదు. అమ్మాయికి మూపు దగ్గర గోకడం నేర్పండి. గుర్రం పెదవి సాగదీస్తే పిల్లలు ఎంత మురిసిపోతారో చూడాలి. ఎక్కనన్న రోజున గుర్రాన్ని నడిపించే పని ఇవ్వమని శిక్షకుడితో ముందే మాట్లాడి ఉంచండి. తొమ్మిదేళ్ల పిల్ల ఆ పని బాగా చేస్తుంది, పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉంటే చాలు.

అమ్మనడక

తప్పకుండా అడుగుతాను. నడిపించేటప్పుడు తాడు ఎలా పట్టుకోవాలి? తను చేతికి చుట్టుకుంటోంది.

లాయం_నేస్తం

చేతికి ఎప్పుడూ చుట్టుకోనివ్వకండి. గుర్రం బెదిరి లాగితే వేళ్లు చిక్కుకుంటాయి, విడిపించుకునే సమయం ఉండదు. గుర్రం ఎడమ భుజం పక్కన నిలబడి, కుడి చేత్తో మూతికి ఒక జానెడు కింద తాడు పట్టుకోవాలి. మిగిలిన తాడును మడతలుగా పెట్టి ఎడమ చేత్తో పట్టుకోవాలి, మడతల మధ్యను పిడికిట్లో పట్టాలి, మడతల లోపలికి చెయ్యి పోనివ్వకూడదు. ముందు గుర్రం లేకుండా తాడు ఒక్కటే ఇచ్చి, ఆ మడతలు వేయడం అలవాటు చేయించండి.